మాడు మీద పుల్ల

నా పెద్దపిల్లకి ఎనిమిదో నెల నిండేసరికి ఇంట్లో ముగ్గురం మూడు రకాల అబద్ధాలు చెప్పుకుంటున్నాం. కొందరు పిల్లలు ఆలస్యంగా తెలివిలోకి వస్తారని మా అత్తగారు. తనకీ మూడేళ్ళ దాకా మాటలు రాలేదని మా ఆయన. నిన్న నేను గుమ్మంలోకి రాగానే పిల్ల ఇటు తల తిప్పిందని నేను. అది తల తిప్పలేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

మా ఆయన రాజమండ్రిలో మిషను బడి పంతులు. బడి వెనక పంతుళ్ళకని కట్టించిన పెంకుటిళ్ళ వరసలో చివరిది మాది. మా వైపుకి అప్పటికింకా రైలు పడలేదు. మా పుట్టింటి వైపు వెళ్ళాలంటే ధవళేశ్వరంలో కాలవ పడవ ఎక్కాల్సిందే. నేనూ మిషను బడిలోనే చదువుకున్నాను. రాయడం, చదవడం వచ్చు. నోరు అంతకన్నా బాగా వచ్చు. కోడలిని తెచ్చుకుందామనుకుంటే ఇంకో పంతులొచ్చి కూర్చుందని మా అత్తగారు వచ్చినవాళ్ళందరితోనూ అనేవారు. ఆవిడ నన్ను వేళాకోళం చెయ్యని రోజు లేదు, నేను ఎదురు చెప్పని రోజూ లేదు. అయినా ఒకరు లేకపోతే ఒకరికి తోచేది కాదు.

పిల్ల రెండు రోజుల నొప్పుల తర్వాత పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. మంత్రసాని తలకిందులుగా పట్టుకుని, వీపు మీద చరిచి, మొహాన నీళ్ళు కొట్టి నానా తంటాలు పడితే చివరికి చిన్నగా మూలిగింది. అప్పుడు అందరం దేవుడికి స్తోత్రం చెప్పాం. నెలలు గడిచే కొద్దీ ఆ స్తోత్రంలో తొందరపడ్డామేమో అనిపించసాగింది నాకు. చూపు ఎక్కడా నిలిపేది కాదు. నవ్వేది కాదు. పక్కన గిన్నె పడినా ఉలిక్కిపడేది కాదు. మెడ నిలవలేదు. ఒళ్ళు మాత్రం వెన్నముద్ద. బుగ్గలు చూస్తే ఎవరికైనా గిల్లబుద్ధేసేది. ఆదివారం మిషను గుడికొచ్చే ఆడవాళ్ళు గిల్లి, అది పట్టించుకోకపోయేసరికి నా మొహంలోకి చూసి, "దేవుని చిత్తం అమ్మా" అనేవారు. ఆ మాట అన్నవాళ్ళ పిల్లలందరూ చక్కగా పరుగులు పెడుతూ ఉండేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

మిషను ఆసుపత్రిలో ఒక దొరసాని డాక్టరమ్మ ఉండేది. పిల్లని ఒళ్ళో వేసుకుని చాలాసేపు చూసింది. గంట వాయించింది, దీపం అటూ ఇటూ తిప్పింది. చివరికి తన తెలుగులో నెమ్మదిగా, "చెవి వినదో, విన్నది లోపలికి చేరదో చెప్పలేనమ్మా. పిల్ల బుర్రలో ఏమి జరుగుతుందో చూసే సాధనము మా దేశములో కూడా లేదు" అంది. మంచి మనిషి. తెలియనిది తెలియదని చెప్పిన మొదటి మనిషి ఆవిడే.

ఇంటికొచ్చే దారి పొడుగునా నేను ఒకటే మాట పట్టుకున్నాను. "అది నడవకపోతే పోయిందండీ. మాట్లాడకపోయినా పోనీండి. నేనెవరో దానికి తెలుసా? ఆ ఒక్కటీ తెలిస్తే చాలు నాకు."

పసిపిల్లల నడినెత్తిన ఎముక ఇంకా కలవని మెత్తటి చోటుంటుంది కదా, మాడు. వేలు పెడితే కింద కొట్టుకోవడం తెలుస్తుంది. దాని మీద రోజూ ఆముదం వేసి అద్దుతాం. మా అత్తగారికి ప్రార్థన ఎంతో ఆ ఆముదమూ అంతే. ఒక శనివారం పొద్దున్న పిల్లకి నీళ్ళు పోయడం అయ్యాక నేను ఆముదం గిన్నె అందుకుంటుంటే, పక్కనే కూర్చున్న మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఆగు. నూనె పెట్టకు. చూడు, ఎలా కొట్టుకుంటోందో."

"రోజూ కొట్టుకునేదేగా. కొత్తగా చూస్తారేంటి?"

ఆయన బడిలో పిల్లలకి నాడి చూపించడానికి ఒక చిట్కా చేసేవారట. మణికట్టు మీద కాస్త తేనెమైనం పెట్టి, అందులో చీపురుపుల్ల గుచ్చితే, నాడి కొట్టుకున్నప్పుడల్లా పుల్ల కొన ఊగుతుంది. వేలికి అంతంతమాత్రంగా తెలిసేది కంటికి బారెడు కనిపిస్తుంది. వెనక నుంచి ఎవరైనా అరిచారంటే ఆ ఊపు మారిపోతుందట. "మణికట్టే మారితే, ఇది సరిగ్గా మెదడు మీద కొట్టుకునే చోటు. పిల్ల వింటే ఇక్కడ తెలియాలి. తలకి సూది గుచ్చక్కర్లేదు, మందు పొయ్యక్కర్లేదు. ఊరికే ఒక పుల్ల" అన్నారు. ఆయన మొహంలో అంత వెలుగు చూసి చాలా నెలలైంది. ఆముదం గిన్నె పక్కకి జరిపేశాను.

మా అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "మాడు ఎండబెట్టి పుల్లలు గుచ్చుతార్రా? నీ చదువు తగలెయ్య!" అని లంకించుకున్నారు. గుచ్చేది పిల్లకి కాదని, మైనానికని చెప్పి ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. నూనె జిడ్డు పోయేలా సున్నిపిండితో తుడిస్తే గాని మైనం అంటుకోలేదు. మైనం బరువెక్కువైందని జీలుగు బెండు చెక్కి, కాసంత బిళ్ళ చేసి, దాన్ని పల్చటి మైనంతో మాడు మీద అతికించి, అందులో పుల్ల నిలబెట్టారు. పుల్ల కొనకి పిసరంత దూది. దాని వెనక, బలపంతో సన్నటి గీతలు గీసిన పలక పట్టుకున్నారు. దూది ఎన్ని గీతల మేర ఊగిందో లెక్కపెట్టడమే కొలత.

పిల్ల కదలకుండా ఉండేది ఒకే ఒక్క చోట, నా కాళ్ళ మీద. నీళ్ళు పోసేటప్పుడు కూర్చున్నట్టే కాళ్ళు బారజాపుకుని, దాన్ని వెల్లకిలా పడుకోబెట్టుకునేదాన్ని. దాని కాళ్ళు నా ఒడి వైపు, తల నా రెండు పాదాల మధ్య. అలా వేసుకుంటే చాలు, కళ్ళు అరమూసుకుని నిమ్మళంగా ఉండేది.

మొదటి రోజు మా అత్తగారు కంచం మీద గరిటెతో కొట్టారు. పుల్ల రెండు గీతలు ఊగింది. ఊరికే ఉన్నప్పుడూ రెండే. మా ఆయన చెవి దగ్గర నోరు పెట్టి పిలిచారు. రెండే. ఆయన నా వైపు చూసి, "నువ్వు పిలు" అన్నారు.

"అమ్మలూ" అని పిలిచాను.

దూది గబుక్కున ముందుకి వంగి, అయిదు గీతలు దాటి వెనక్కి వచ్చింది.

మళ్ళీ పిలిచాను. మళ్ళీ అయిదు. మా అత్తగారు గరిటె అక్కడే పడేసి, "ఇంత పెంకిదానివటే, నాన్న పిలిస్తే పలకవూ?" అని పిల్ల బుగ్గలు పుణికి, కళ్ళు ఒత్తుకుంటూ వరసలో ఉన్న ఇళ్ళన్నిటికీ చెప్పడానికి వెళ్ళిపోయారు. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. నా పిల్లకి ఇంకెవరూ తెలియదు, నేను తెలుసు. ఆ పూట నన్ను మించిన గర్విష్టి గోదావరి రెండు ఒడ్డుల మీదా ఉండి ఉండదు.

మా ఆయన పంతులు కదా, ఒక్కసారి చూసి నమ్మే రకం కాదు. మాకు బట్టలుతికే చాకలామెకి అయిదు నెలల పిల్ల ఉంటే, ఆవిడని బతిమాలి తీసుకొచ్చారు. ఆవిడా నాలాగే కాళ్ళు జాపి, పిల్లని వేసుకుని కూర్చుంది. కంచం కొడితే మూడు గీతలు ఊగింది. తల్లి పిలిస్తే అయిదు. "చూశావా, బాగున్న పిల్లకీ అంతే, మన పిల్లకీ అంతే" అన్నారు మా ఆయన. చాకలామె వెళ్ళేముందు మా పిల్లని ముద్దు పెట్టుకుని, "తల్లిని ఎరిగిన పిల్లకి ఏం భయవండీ" అంది.

ఆ తర్వాత నాలుగు నెలలు. నా జన్మలో అంత మాట్లాడిన రోజులు లేవు. వంట చేస్తూ పిల్లతో మాట్లాడేదాన్ని. బియ్యంలో రాళ్ళు ఏరుతూ మాట్లాడేదాన్ని. పొద్దున్నే పుల్ల పెట్టి, ముందు రోజు చెప్పిన కబుర్లే మళ్ళీ చెప్పేదాన్ని, అది గుర్తుపడుతుందేమోనని. పుల్ల ఊగేది. గుడిలో ఎవరైనా జాలి మొహం పెడితే, "మా పిల్లకి అన్నీ తెలుసండి, బయటికి చెప్పలేదంతే" అని ముక్కు మీద గుద్దినట్టు చెప్పేదాన్ని.

ఒకరోజు మా ఆయన బడికి వెళ్ళాక నేనే పుల్ల పెట్టుకుని కూర్చున్నాను. పలక ఒక చెంబుకి ఆనించాను. వాకిట్లో చాప మీద మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. ఎవరిదో మేక వచ్చి మూతి పెట్టబోయింది. "హోయ్!" అని అరిచాను. దూది ఆరు గీతలు ఊగింది. చూడు, నా అరుపు కూడా గుర్తుపట్టిందని మురిసిపోయాను. మేక సిగ్గులేనిది, మళ్ళీ వచ్చింది. ఈసారి కళ్ళు పలక మీదే ఉంచి అరవబోయాను. గొంతులోంచి మాట ఇంకా బయటికి రాలేదు. దూది అప్పటికే వంగింది.

మేక మిరపకాయలు తింటోంది. నేను లేవలేదు. నోరు మూసుకుని, కాళ్ళు బిగించి చూశాను. పుల్ల ఊగింది. వదిలాను, ఆగింది. బిగించాను, ఊగింది. ఎవరినైనా గట్టిగా పిలిచేటప్పుడు మనిషి ఒళ్ళు కూడదీసుకుంటుంది కదా. పిల్లని పిలిచినప్పుడల్లా నా పాదాలు రెండూ దాని తల చుట్టూ దగ్గరికి వచ్చేవి. నాకు తెలియకుండానే వచ్చేవి. చాకలామె పాదాలూ అంతే చేసి ఉంటాయి. మేం నాలుగు నెలలుగా కొలిచింది పిల్ల మెదడుని కాదు. నా ఆశని.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. అబద్ధమైతేనేం, ఇల్లు నవ్వుతోంది కదా అనుకున్నాను. నాలుగో రోజు మా ఆయన లాల్చీ తొడుక్కుని, డాక్టరమ్మని తీసుకొచ్చి చూపిస్తానని బయలుదేరారు. అప్పుడు చెప్పాను. ఆయన లాల్చీ విప్పి వంకెకి తగిలించి, "సరే, చాప మీద పడుకోబెట్టు" అన్నారు.

పిల్లని చాప మీద వేసి, తల కింద చీర మడత పెట్టి, నేను రెండు బారల దూరంలో కూర్చున్నాను. పుల్ల ఊగుతోంది. రెండు గీతలు. "అమ్మలూ" అన్నాను. రెండు గీతలు. బంగారుతల్లీ అన్నాను, చిట్టీ అన్నాను, దొంగమొహమా అన్నాను. జోలపాట పాడాను. తిట్టాను. పుల్ల గడియారంలా ఒకటే ఊపు. ఎంతసేపు పిలిచానో గుర్తులేదు. చివరికి గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మా అత్తగారు వచ్చి నా రెక్క పట్టుకుని, "చాల్లే అమ్మాయ్. ఇంక పిలవకు. నేను వినలేను" అన్నారు. ఆవిడ నన్ను వేళాకోళం చెయ్యకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత కూడా మా ఆయన ప్రతి ఆదివారం గుడి నుంచి వచ్చాక చాప మీద చూస్తూనే ఉన్నారు. ఏదో ఒక వారం మారుతుందని ఆయన ఆశ. మాడు చుట్టూ ఎముక దగ్గరపడే కొద్దీ ఊపు తగ్గుతూ వచ్చింది. రెండు గీతలు ఒకటైంది. ఒకటి అరైంది. పిల్లకి ఏడాదిన్నర దాటాక ఒక ఆదివారం పుల్ల అసలు కదల్లేదు. మాడు పూడిపోయింది. ఆయన బెండు బిళ్ళ నెమ్మదిగా ఊడదీసి, మైనం మరకలు గోటితో గీకి, పిల్ల తల నిమిరి లేచిపోయారు.

నేను పిల్లని ప్రేమించడం మానలేదు. కానీ మాట్లాడటం మానేశాను. నీళ్ళు పోసేదాన్ని, బట్టలు మార్చేదాన్ని, అన్నం పెట్టేదాన్ని. పాలన్నం మెత్తగా పిసికి, ఉండ చేసి, వేలితో దవడ పక్కన పెట్టి, గొంతు కింద నిమిరితే మింగేది. పూటకి గంట పట్టేది. గంటసేపూ నోరు విప్పేదాన్ని కాదు. చెవిటి గోడకి చెప్పినట్టేగా అనుకునేదాన్ని. రాస్తుంటే సిగ్గుగా ఉంది, అయినా అలాగే అనుకునేదాన్ని.

పిల్లకి రెండో ఏడు నిండుతుండగా నాకు మళ్ళీ నెలలు నిండాయి. సామర్లకోట దగ్గర మా పుట్టింటి నుంచి అమ్మ కబురు పెట్టింది, కాన్పుకి రమ్మని. ఈ పిల్లనీ తీసుకెళ్ళమని మా ఆయన అన్నారు. పడవలో ఒక పగలూ రాత్రీ, ఇంత కడుపేసుకుని దాన్ని ఎలా మొయ్యను? పైగా, దాచుకోవడమెందుకు, నాకు కొన్నాళ్ళు ఊపిరి పీల్చుకోవాలనిపించింది. ఒక్క బిడ్డనైనా బెంగ లేకుండా కనాలనిపించింది. మా అత్తగారు నా పక్కన కూర్చుని ముద్ద పెట్టడం నేర్చుకున్నారు. పాలు ఎన్ని, ఉప్పు ఎంత, వేలు ఎటు పక్క పెట్టాలి, అన్నీ. మా ఆయన ఇంకా నసుగుతుంటే విసుక్కున్నాను.

"ఎవరి చేయైతే దానికేంటండీ? నేనెవరో దానికి తెలుసా ఏంటి? మీరే కొలిచి చూశారుగా."

ఆయన వెళ్ళి మర్నాటికి బండి మాట్లాడి వచ్చారు. పొద్దున్నే దానికి ముద్దలు పెట్టి, మూతి తుడిచి, పడుకోబెట్టి బండెక్కాను. వెళ్ళొస్తానని దానికి చెప్పలేదు. చెప్పినా ఏం తెలుస్తుందనుకున్నాను.

పుట్టింట్లో నెల తిరక్కుండానే మళ్ళీ ఆడపిల్లే పుట్టింది. పుడుతూనే ఊరు లేచిపోయేలా ఏడ్చింది. నా గొంతు వినగానే ఏడుపు ఆపి వినేది. నేను పడ్డ సంతోషానికి హద్దు లేదు. మా ఆయన కార్డులు రాసేవారు. అందరం క్షేమం, పిల్ల బాగానే ఉంది అని. క్రైస్తవులమైనా పురుడు పదకొండు రోజులూ పాటించేవాళ్ళం. బాలింత చెవిన చెడ్డమాట వెయ్యకూడదన్న పట్టింపూ అలాగే ఉండేది. పన్నెండో రోజు మా ఆయన వచ్చారు. కొత్తపిల్లని చూడ్డానికి వచ్చిన మనిషి ఉయ్యాల దగ్గరికి వెళ్ళకుండా నా మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అప్పుడే అర్థమైపోయింది. పిల్ల పోయి వారం దాటిందన్నారు. జ్వరం అన్నారు.

మూడో నెలలో ఇంటికి వెళ్ళాను. మా అత్తగారు సగమైపోయారు. రెండు రోజులు ఆవిడ నా కళ్ళలోకి చూడలేదు. మూడో రోజు అరుగు మీద కూర్చోబెట్టుకుని, "మీ ఆయన చెప్పొద్దన్నాడు. చెప్పకపోతే నేను చచ్చిపోతాను" అని మొదలుపెట్టారు.

"నువ్వెళ్ళిన పూటే ముద్ద పెట్టాను. నువ్వు చూపించినట్టే పెట్టానమ్మాయ్, ప్రమాణంగా. నాలికతో తోసేసింది. నీరసంగా ఉందేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. గొంతు నిమిరితే పళ్ళు బిగించేది. నేను పాకలోకి వెళ్ళి ఏడ్చి వచ్చి మళ్ళీ పెట్టేదాన్ని. మీ ఆయన పెట్టాడు. డాక్టరమ్మ వచ్చి చెంచాతో పాలు పోసింది. పోసినవి సగం బయటికే. ఏదో చుక్కా చుక్కా దిగితే అన్నాళ్ళు నిలిచింది. మూడో వారంలో ఏం తోచక, నువ్వు విప్పేసి వెళ్ళిన చీరుంది కదా, ఉతక్కుండా దండెం మీదే ఉండిపోయింది, అది కట్టుకుని కూర్చున్నాను. నా ఒళ్ళో వేసుకున్నాను. చీరలో మొహం పెట్టి అటూ ఇటూ రాసుకుంది. నోరు తెరిచింది. ఆ పూట ఆరు ముద్దలు తింది. నేను, మీ ఆయన ఇద్దరం ఏడ్చాం."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చెప్పమన్నాను.

"మర్నాడు మళ్ళీ అదే చీర కట్టుకున్నాను. మొహం పెట్టింది. కాసేపు వెతుక్కుంది. నేను నువ్వు కాదని కనిపెట్టేసింది, అమ్మాయ్. మొహం అటు తిప్పేసుకుంది. ఇంక తెరవలేదు. అప్పుడే నీకు కబురు పెడదామన్నాడు మీ ఆయన. నీకు కాన్పయిందని ఆ రోజే మీ వాళ్ళ కబురొచ్చింది. పచ్చి బాలింతవి, వద్దని నేనే ఆపాను."

మేం గొంతు కొలిచాం. దానికి చెవులు లేవేమో. అది నన్ను ఎరిగింది నా వాసనతో, నా చేత్తో, నేను మాట్లాడకుండా విసుగ్గా గడిపిన ఆ గంటల్లో. రెండేళ్ళు నా పిల్ల నాకు చెబుతూనే ఉంది, నేను పలక మీద గీతలు చూస్తూ కూర్చున్నాను. ఉయ్యాల్లో చిన్నది లేచి ఏడుస్తోంది. మా అత్తగారు వెళ్ళమన్నట్టు నా భుజం తట్టారు. నేను లేవలేకపోయాను. అది ఆ చీరలో నన్ను వెతుక్కుంది. నేను అక్కడ లేను.